నిద్ర మావకు మెరిట్ వచ్చిన ఏడాది

జీతం అనే మాటకు మా కొండమీద అప్పట్లో ఒకటే అర్థం: శనివారం సాయంత్రం షెడ్డు ముందు వరసలో నిలబడితే చేతిలో పడేది. ఎంత పడుతుందో ముందే తెలుసు. పక్కవాళ్లకు ఎంత పడిందో కూడా తెలుసు, ఎందుకంటే అందరికీ అంతే. (మగవాళ్లకు కాస్త ఎక్కువ. ఎందుకని మేం అడగలేదు. అడగవచ్చని తెలియదు.) ఇప్పుడు నా మనవరాలు విశాఖపట్నంలో ఏదో ఆఫీసులో పనిచేస్తోంది. ఏడాదికోసారి ఫోన్లో ఒక ఫారం తెరిచి, దాని ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంది. తన పని ఎంత బాగుందో తానే రాసుకోవాలట, దానికి పైవాడు మార్కులు వేస్తాడట, ఆ మార్కుల్ని బట్టి జీతం పెరుగుతుందట. "నీకేటి తెల్సు మామ్మా ఈ టెన్షను" అంటుంది. నాకు తెలుసు. దానికంటే ముందు నేను పడ్డాను ఆ టెన్షను, అదీ ఫారం చదవడం రాకుండా. అది ఎలా జరిగిందో చెబుతాను. ఇందులో నా గొప్ప తక్కువ, నా సిగ్గు ఎక్కువ. గొప్ప వినాలనుకున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

అనంతగిరి దాటి అరకు వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు సిమెంటు కళ్లం ఉండేవి. చుట్టుపక్కల ఊళ్లలో పండిన కాఫీ గింజల్ని కొండ కింది నుంచి వచ్చిన ఒక కంపెనీ కొని, అక్కడ ఆరబెట్టించి, పొట్టు తీయించి, ఏరించి, బస్తాల్లో నింపి పంపేది. పనిలో మేం పద్నాలుగు మందిమి. మూడు ఊళ్లవాళ్లం, తిప్పితిప్పి లెక్క చూస్తే అందరం చుట్టాలమే. నాకు పందొమ్మిదేళ్లు. నా పని గింజలు ఏరడం. బల్లమీద గింజలు పోస్తే నల్లవి ఒక పక్కకు, పురుగు తొలిచినవి ఒక పక్కకు, విరిగినవి ఒక పక్కకు, కాయలో జంటగా కాకుండా ఒంటిగా పెరిగిన గుండ్రటివి ఇంకో పక్కకు తోసెయ్యాలి. నా వేళ్లు నా కళ్లకంటే ముందే వెళ్లిపోయేవి. ఇద్దరు ఏరేది నేనొక్కదాన్నే ఏరేదాన్ని. అందుకని నన్ను 'మిషను గుంట' అనేవారు (గుంట అంటే మా వైపు ఆడపిల్ల). ఆ పేరు పెట్టింది ఎవరో గానీ, మూడు ఊళ్లలోనూ దాన్ని ప్రచారం చేసింది మాత్రం నేనే.

నాకు కావలసింది ఒక్కటే ఉండేది. మా అమ్మ వారానికోసారి కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగి సంతకు నడిచేది. దిగేటప్పుడు మోకాళ్లు పట్టుకుని మూలిగేది. ఎక్కేటప్పుడు మూలగడానికి కూడా ఊపిరి మిగిలేది కాదు. నా చేతిలో ఇంకొంచెం ఎక్కువ పడితే ఆ మోపు దించించవచ్చని నా లెక్క. అమ్మతో చెప్పలేదు. చెబితే, ముందు నీ వంటికి ఒక చీర కొనుక్కో అనేది.

ఇక నిద్ర మావ. మా అమ్మకు పినతల్లి కొడుకు, అందుకని నాకు మావ. కళ్లంలో ఆరబోసిన గింజల్ని పొడుగాటి కర్రతో తిరగేస్తూ ఉండాలి, లేకపోతే కిందివి బూజు పడతాయి. అదీ ఆయన పని. ఆయన ఆ కర్రను నేలకు ఆనించి, దానిమీద రెండు చేతులూ, చేతులమీద గడ్డం ఆనించి, నిలబడే నిద్రపోయేవాడు. ఒకసారి కాకి వచ్చి ఆయన భుజం మీద వాలి, చుట్టూ చూసుకుని, తీరుబడిగా ఎగిరిపోవడం నా కళ్లతో చూశాను. అయినా ఆయన్ని ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆయన ఎవరి మీదా కోపం తెచ్చుకోగా చూడలేదు. దానికైనా మెలకువ కావాలి కదా. ఆ ఏడాది తుపాను గాలికి ఆయన ఇంటి కప్పు లేచిపోయింది. ముగ్గురు పిల్లలు, నాలుగోది కడుపులో. ఆకాశం కింద కాపురం.

అలాంటి సమయంలో కంపెనీ మాకు ఒక కొత్త బాబును పంపింది. వయసు పాతికో ఏమో, చంకలో ఎప్పుడూ అట్టల మధ్య బిగించిన కాగితాలు. మేం కాగితాల బాబు అనేవాళ్లం. మంచివాడు. (చెడ్డవాళ్లతో మాకు పెద్ద చిక్కు ఉండేది కాదు, తప్పుకుని తిరిగేవాళ్లం. మంచివాళ్లతోనే అవస్థ.) ఒకరోజు పని ఆపించి అందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి, ఇకమీద జీతాలు ఒక పద్ధతి ప్రకారం ఉంటాయని చెప్పాడు.

"బేసిక్ అంటే పనికి కట్టిన రేటు, మనిషికి కాదు. గింజలు ఏరే పనికి ఇంత, కళ్లం తిరగేసే పనికి ఇంత. మిగతా కంపెనీలు ఎంత ఇస్తున్నాయో కనుక్కుని, దానికి అటూ ఇటూగా మేం పెడతాం" అన్నాడు.

మాలో అందరికంటే పెద్దది మా పెద్దమ్మ. నాకొక్కదానికే కాదు, షెడ్డుకంతటికీ పెద్దమ్మ. నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. ఆ చుట్ట బయటకు తీసిందంటే తీర్పు వస్తోందని లెక్క. అప్పుడు తీసింది.

"సంతలో పిప్పళ్ల రేటు కనుక్కున్నట్టేటి బాబూ?"

"అంతే, అంతే."

"మరి ఆ కంపినీలోల్లు ఎవుల్ని అడుగుతారు?"

కాగితాల బాబు కొంచెం ఆలోచించి, "వాళ్లు మమ్మల్ని అడుగుతారు" అన్నాడు.

పెద్దమ్మ చుట్టను తిరిగి నోట్లో పెట్టుకుంది.

ఆ తర్వాత ఆయన సుద్దముక్కతో నేలమీద ఒక పొడుగాటి పెట్టె గీశాడు. అడుగు గీత, నడిమి గీత, పై గీత. ఒక పనికి అడుగు గీతకు తక్కువ ఇవ్వరు, పై గీతకు ఎక్కువ ఇవ్వరు. కొత్తగా వచ్చినవాడు అడుగున మొదలవుతాడు, బాగా చేస్తే ఏటేటా పైకి జరుగుతాడు. ఆ జరుపుడుకు పేరు మెరిట్. అడుగున ఉన్నవాడు బాగా చేస్తే పెద్ద జరుపుడు, పైన ఉన్నవాడు అంతే బాగా చేసినా చిన్న జరుపుడు.

"అంటే బాగా సేసీసేసీ పైకెల్తే తగ్గించీత్తారన్నమాట" అంది పెద్దమ్మ, ఈసారి చుట్ట తీయకుండానే.

"తగ్గించం అమ్మా. తక్కువ పెంచుతాం."

"అదే గదేటి."

ఆయన తల గోక్కున్నాడు. పెంచడానికి కంపెనీ ఏడాదికి ఇంత అని ఒక మొత్తం పంపుతుందట, దాంట్లోనే అందరికీ సర్దాలట, ఒకరికి ఎక్కువ పెడితే మరొకరికి తగ్గుతుందట. అది మాత్రం మాకు వెంటనే అర్థమైంది. ఇంటిల్లిపాదికీ ఒక్కటే చోడంబలి (రాగి అంబలి) కుండ ముందు పెరిగినవాళ్లం. చివరగా చెప్పిన మాట నా చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. మార్కుల్లో మొదట వచ్చినవాళ్లను ఒక్కర్ని శనివారం కూలి నుంచి తీసి నెలజీతంలోకి మారుస్తారట. వాన పడినా, గింజ రాకపోయినా, నెల తిరిగేసరికి జీతం. నాకు మిగతా పదముగ్గురు కనిపించడం మానేశారు. అమ్మ నెత్తిమీది మోపు కనిపించింది, అది నేలమీదకు దిగుతూ కనిపించింది.

మార్కులు ఎవరు వెయ్యాలి? ఆయన కొత్తవాడు, రోజంతా కాగితాల్లో ఉండేవాడు, ఎవరు ఎలా చేస్తారో ఆయనకు తెలియదు. ఆ సంగతి తనే ఒప్పుకుని, "మీ పని మీకే తెలుసు, ఒకరికొకరు మీరే వేసుకోండి" అన్నాడు. మాకు రాత రాదు కాబట్టి దానికీ దారి తీశాడు. గోనెపట్టా తెర వెనుక పద్నాలుగు అడ్డాకు దొప్పలు వరసగా పెట్టించాడు. ఎవరి దొప్ప ముందు వాళ్ల గుర్తు. పెద్దమ్మది చుట్ట, నాది దువ్వెన, నిద్ర మావది తలగుడ్డ (తల కింద పెట్టుకునేది కూడా అదే). ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్లి, ప్రతి దొప్పలోనూ కాఫీ గింజలు వెయ్యాలి. బాగా పని చేసేవాళ్లకు అయిదు, బొత్తిగా చెయ్యనివాళ్లకు ఒకటి, మధ్యవాళ్లకు మధ్యలో. తన దొప్పలో తను వేసుకోకూడదు. ఇదంతా మూడుసార్లు చెప్పాడు. మాకు మొదటిసారే అర్థమైంది. అర్థం కాకపోవడం వల్ల వచ్చిన చిక్కు కాదిది. అర్థమయ్యాక, మాకు అది తెలివితక్కువగా తోచింది.

మధ్యాహ్నం అంబలి తాగడానికి షెడ్డు వెనుక పారే గెడ్డ దగ్గర కూర్చున్నప్పుడు పెద్దమ్మ చుట్ట తీసింది. "ఆడికి కప్పు లేదు" అంది. ఎవరికని ఎవరూ అడగలేదు. ఎవరి గురించో అందరికీ తెలుసు, ఆయన పక్కనే రాతికి ఆనుకుని గురక పెడుతున్నాడు. "ఈడి దొప్పలో అందరూ అయిదేసీయండి. మిగిలినోల్లందరికీ ఒకటి. వచ్చే ఏడు ఇంకొకడికి సూద్దాం."

మా వాళ్ల పంపకం అలాగే ఉండేది. వేటకు వెళ్లి అడవిపంది పడితే బాణం వేసినవాడికి ఒక వాటా, వేటకే వెళ్లని ముసలమ్మకు ఒక వాటా, బాలింత ఉన్న ఇంటికి రెండు. బాణం వేసినవాడు నాకు రెండు కావాలంటే నవ్విపోతారు. ఆ సంగతి తెలిసి కూడా నేను నోరు తెరిచాను.

"బాగా సేసినోల్లకి యెయ్యమన్నాడు గదా పెద్దమ్మా."

"బాగా సేసినోల్లకి సేతులున్నాయి గదే గుంటా. మల్లీ ఏటికి?"

"మా యమ్మ మోపు మొయ్యనేకపోతంది."

"మీ యమ్మకి నువ్వున్నావు. ఆడి పెల్లానికి..." అని పెద్దమ్మ నిద్ర మావ వైపు ఒకసారి చూసి, "ఆడున్నాడు" అంది.

అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుతో తీర్పు అయిపోయింది. నవ్వుల మీద అప్పీలు ఉండదు.

నా వంతు వచ్చింది. తెర వెనక్కి వెళ్లాను. నిద్ర మావ దొప్పలో ఒక్కటంటే ఒక్కటి వేశాను. పని ప్రకారం చూస్తే అదీ ఎక్కువేనని నాకు నేను చెప్పుకున్నాను. మిగతావాళ్లకు వాళ్ల పనిని బట్టి న్యాయంగానే వేశాను, అక్కడికీ ఇద్దరికి అయిదు వేశాను. ఆఖరికి నా దువ్వెన దగ్గరికి వచ్చాను. దొప్పలో అప్పటికి అడుగున నాలుగైదు గింజలున్నాయి, అంటే నా ముందు వెళ్లినవాళ్లంతా తలా ఒకటి వేసి చేతులు దులుపుకున్నారన్నమాట. నా చెయ్యి అక్కడ ఆగింది. ఆగినదాన్ని నేను వెనక్కి లాగలేదు. అయిదు గింజలు వేసుకున్నాను. అందులో నల్లవి, విరిగినవి లేకుండా ఏరి మరీ వేసుకున్నాను. దొంగతనంలో కూడా మిషను గుంట మిషను గుంటే.

లెక్క తేలింది. నిద్ర మావ దొప్ప పొంగి తెరచాటున నేలమీద కూడా గింజలు దొర్లాయి. మిగతా దొప్పల్లో అడుగు కనిపిస్తోంది. కాగితాల బాబు కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు లెక్కపెట్టి, మొహం వెలిగిపోతూ, "ఇంత ఏకాభిప్రాయం నేనెక్కడా చూడలేదు" అన్నాడు. నిద్ర మావను వెతికితే బస్తాల వెనుక దొరికాడు. లేపితే ఉలిక్కిపడి, "ఏటి బాబూ, పనిలోంచి తీసీసినారేటి?" అన్నాడు. నెలజీతం కాగితం మీద ఆయన వేలిముద్ర తీసుకునేటప్పుడు వేలు కూడా సగం నిద్రలోనే ఉన్నట్టుంది, ముద్ర పక్కకు జారింది.

అంతా సంతోషంగా ఉన్నారు, నేను తప్ప. ఆ సంతోషంలో పెద్దమ్మ, "వచ్చే ఏడు ఈడిది తీసీసి రెండో ఇంటి ముసిలోడికి ఏద్దాం బాబూ, ఆడికి కన్ను మసకలేత్తంది" అంది.

"ఇతనిది తీసెయ్యడం ఏమిటమ్మా? అది బేసిక్‌లో కలిసిపోయింది. ఇక తగ్గదు. వచ్చే ఏడు పెంచితే దీని మీదే పెంచుతాం."

పెద్దమ్మ చుట్ట కింద పడింది. అది పడటం నేను అదొక్కసారే చూశాను. "అంటే కప్పెగిరిపోయిన ఏడాది సాయం, ఈడు ముసిలోడై సచ్చేదాకా ఇత్తనే ఉంటారేటి?"

"పనిలో ఉన్నన్నాళ్లూ."

"కప్పేసుకున్నాక కూడానా?"

"కప్పుకీ జీతానికీ సంబంధం ఏముంది?" అన్నాడాయన, నిజంగానే తెలియక.

అప్పుడు మాకందరికీ ఒక్కసారి తెలిసింది, మేం పంచింది ఆ పూట మాంసం కాదని, వేటాడే అడవిలోనే ఒక మూల శాశ్వతంగా రాసిచ్చేశామని. కుండ మొత్తం ఇంతే, అందులో పెద్ద గరిటె ఒకడికి పోయింది. మిగతా పన్నెండు మంది మొహాలు మాడాయి. నా మొహం ముందే మాడి ఉంది కాబట్టి కొత్తగా మాడాల్సిన పని పడలేదు.

ఇంతటితో ఆగితే బాగుండేది. కాగితాల బాబు ఉత్సాహం కొద్దీ ఈ సంగతి పైకి రాశాడు. ఒకే మనిషికి తోటివాళ్లంతా దాదాపు నిండు మార్కులు వేశారంటే అతని పని చూసి తీరాలని, కింది నుంచి పెద్దసారు జీపులో వస్తున్నట్టు కబురొచ్చింది. షెడ్డులో గుబులు పుట్టింది. ఆయన వచ్చేసరికి నిద్ర మావ నిద్రలో ఉంటే కంపెనీని మోసం చేశామని అందరినీ మానిపిస్తారేమో. ఆయన్ని మేల్కొలిపి ఉంచే పనిని పెద్దమ్మ ఆయన భార్యకు అప్పగించింది. ఆ నిండుచూలాలు కళ్లం గట్టుమీద కూర్చుని, ఒళ్లో గులకరాళ్లు పెట్టుకుని, మొగుడి తల వాలినప్పుడల్లా ఒకటి విసిరేది. గురి మంచిది. నేను మాత్రం పెద్దసారు రాగానే నిజం చెప్పెయ్యాలని, చెబితే ఆ నెలజీతం నాకే వస్తుందని లోపల వండుకుంటున్నాను.

పెద్దసారు వచ్చాడు. లావుపాటి మనిషి, మాట మెత్తన. నేరుగా కళ్లం దగ్గరికి వెళ్లి నిద్ర మావ భుజం తట్టి, "నిన్ను చూడ్డానికే వచ్చానయ్యా. ఏం చేస్తావు నువ్వు అంత బాగా?" అన్నాడు.

నిద్ర మావకు అబద్ధం రాదు. అది నేర్చుకోవడానికి కూడా మెలకువ కావాలి. "నానేటీ సెయ్యను బాబూ, పడుకుంటాను" అన్నాడు.

పెద్దసారు పకపకా నవ్వి, "ఎంత వినయం!" అని కాగితాల బాబు వైపు తిరిగాడు. ఇక నాకు ఆగలేదు.

"వినయం గాదు బాబూ, నిజం. ఆయన పడుకునే ఉంటాడు. కప్పెగిరిపోయిందని జాలిపడి అందరూ అయిదేసి యేసినారు. పని సేసింది నాను."

గట్టుమీది నుంచి ఒక గులకరాయి వచ్చి, ఈసారి నా వీపుకు తగిలింది. ఆ గురి గురించి ముందే చెప్పాను. కాగితాల బాబు మొహంలో రంగు పోయింది. పెద్దసారు మాత్రం నవ్వు ఆపి, పెద్దమ్మ వైపు చూసి, "నిజమేనా అమ్మా?" అన్నాడు.

"నిజమే బాబూ. ఆడికి అయిదేసి, మిగిలినోల్లందరికీ ఒక్కొక్కటి యేసినాం" అంది పెద్దమ్మ, తొణక్కుండా. "బాగా సేసే గుంట మార్కులేసినా సేత్తది, ఏకపోయినా సేత్తది. మార్కులెయ్యకపోతే ఆడి కప్పు ఎలగొత్తాది?"

"జీతం సాయం కాదమ్మా" అన్నాడు పెద్దసారు.

"సాయం కాపోతే ఏటి మరి?"

ఆయన షెడ్డు వెనక పడి ఉన్న పాత రేకుల్ని చూపించి, వాటిని నిద్ర మావ ఇంటికి మోయించమన్నాడు. "కప్పుకి ఇది. ఈ ఒక్కసారికి. నెలజీతం మాత్రం పని చేసినవాళ్లకే వెళ్లాలి." అప్పుడు ఆయన చూపు నా మీదకు తిరిగింది. నేను అప్పటికే మనసులో సంతదారిలో ఉన్నాను, అమ్మ చేతులు ఊపుకుంటూ నా ముందు నడుస్తోంది. సరిగ్గా అప్పుడు కాగితాల బాబు గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక చిన్న విషయం. అలాగైతే ఈ అమ్మాయి దొప్పలో తోటివాళ్లు పదముగ్గురూ ఒక్కొక్క గింజే వేశారన్నమాట. పదమూడు ఉండాలి. పద్దెనిమిది ఉన్నాయి."

ఆ అంకె ఆయన కాగితంలో అన్నాళ్లూ ఉందని, ఎవరినీ అడగకుండా ఊరుకున్నాడని అప్పుడు తెలిసింది. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంతసేపూ నిజం నిజం అని అరిచిన నోరు మూతపడిపోయింది. అప్పుడు వెనక నుంచి ఒక ఆవలింత వినిపించింది, దాని వెనకే మాట.

"అవి నానేసినవి బాబూ. నిద్దట్లో సెయ్యి జారిపోయింది."

నిద్ర మావ. ఒక్క నిమిషం క్రితం నా నోటి వల్ల నెలజీతం పోగొట్టుకున్న మనిషి. అప్పటిదాకా ఆయనకు అబద్ధం రాదనే నేను నమ్మాను. నా కోసం ఒకటి ఆడాడు, అదీ ఎవరూ నమ్మనిది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ పూట గట్టెక్కేదాన్ని. కానీ ఆ మాట నా మీద వేసిన బరువు మోపుకంటే ఎక్కువగా ఉంది.

"అబద్దం బాబూ. నానే యేసుకున్నాను, అయిదూ" అన్నాను.

తర్వాత ఏమవుతుందో అని తల దించుకుని నిలబడ్డాను. పెద్దసారు పొట్ట కదిలేటట్టు నవ్వడం వినిపించింది. "నీకు నువ్వే మార్కులు వేసుకున్నావన్నమాట. ఇక్కడ అది తప్పు. మా ఆఫీసులో అయితే మేమంతా ఏటేటా చేసేది అదే, దానికి ఫారం ఇచ్చి మరీ చేయిస్తారు" అన్నాడు. కాగితాల బాబు నవ్వలేదు. ఆయనకు పద్ధతి ముఖ్యం. ఇద్దరూ పక్కకు వెళ్లి కాసేపు మాట్లాడుకుని తిరిగి వచ్చారు. తీర్పు ఇది: నెలజీతం నాకు. కానీ అడుగు గీత దగ్గర. ఆ ఏడాదికి మెరిట్ సున్నా, వేసుకున్న అయిదింటికీ శిక్ష.

నేను సిగ్గుతో నిద్ర మావ దగ్గరికి వెళ్లి, "నీ జీతం పోయింది మావా" అన్నాను. ఆయన నిజంగానే తేలిక పడ్డట్టు కనిపించాడు. "పోన్లేయే గుంటా. నెలజీతమంటే నెలంతా రావాలంట. నావల్ల గాదు." ఆ సాయంత్రం అందరం తలా ఒక రేకు మోసి ఆయన ఇల్లు కప్పాం. రేకులు తక్కువైతే ఒక మూల గడ్డి వేశాం. ఆయన భార్య నాతో వారం మాట్లాడలేదు. తర్వాత ఆడపిల్ల పుట్టాక, ఎత్తుకోమని తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

మొదటి నెల జీతం తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, ఇక మోపు మోయొద్దన్నాను. ఒక వారం మానేసింది. సంతకు మాత్రం వెళ్లింది, ఖాళీ చేతులతో. తిరిగి వచ్చి, "అందరూ ఏటే వొల్లు బాగోనేదా అని అడిగీనారు, సిగ్గేసింది" అంది. మరుసటి వారం మళ్లీ మోపు ఎత్తుకుంది, కానీ సగం మోపు. తర్వాత అది ఇంకా చిన్నదై, ఆఖరికి చంకలో పట్టే కట్ట అయింది. దాన్ని అమ్మడానికి కాదు, ఎవరితోనైనా బేరం ఆడటానికి తీసుకెళ్లేది. మోకాళ్లు మూలగడం తగ్గింది. నోరు తగ్గలేదు. ఆ నోరు ఎవరికి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ షెడ్డులోనే నా చేతులు ముసలివయ్యాయి. కంపెనీ చేతులు మారింది, కాగితాల బాబు ఏనాడో కిందికి వెళ్లిపోయాడు, దొప్పలు పోయి పుస్తకాలు, పుస్తకాలు పోయి కంప్యూటరు వచ్చాయి. ఏటా పెంచేవారు, ఎప్పుడూ నడిమిరకంగానే. నాకంటే నిదానంగా ఏరేవాళ్లకు నాకంటే ఎక్కువ పెరిగేది. ఆ మొదటి ఏడాది దొంగ మార్కులు ఇంకా నన్ను తరుముతున్నాయనుకుని, అడగకుండా ఊరుకున్నాను. (అడగవచ్చని తెలిసి కూడా నేను ఊరుకున్న విషయం నా జీవితంలో అదొక్కటే కావచ్చు.) యాభై దాటాక మా ఊళ్లో పెద్దవాళ్లకు పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కొన్నేళ్లకు పనిలోంచి దిగిపోయే రోజున, నా పాత కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి చేతికిచ్చారు.

అన్నిటికంటే అడుగున పసుపుపచ్చగా మారిన కాగితం ఒకటి ఉంది. కాగితాల బాబు చేతిరాత, తెలుగులోనే. మాకు చదివి వినిపించాలి కాబట్టి ఆయన తెలుగులోనే రాసేవాడు. (ఇది మాత్రం వినిపించలేదు.) కింద నా వేలిముద్ర. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. "పని: అయిదు. నోరు: ఒకటి. సగటు: మూడు." అంతే ఉంది. పద్దెనిమిది గింజల ఊసే లేదు. దాని తర్వాత ఏటేటా వచ్చిన బాబులందరూ కిందటి ఏడాది మార్కు చూసి అదే దించేశారు. మూడు, మూడు, మూడు, నేను దిగిపోయేదాకా.

రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒళ్లు మండింది. రెండోసారి, కళ్లం మధ్యలో నిలబడి పెద్దసారు మీద అరుస్తున్న ఆ పందొమ్మిదేళ్ల గుంట కళ్ల ముందుకు వచ్చింది. దాని నోటికి ఒకటి వేశాడంటే, పాపం ఆ బాబు దయ తలచే వేశాడనిపించింది.